ఆ మాత్రం పౌడరుండాలి

నేను ఆక్లండ్‌లో బస్సు నడుపుతాను. బిజినెస్ డిప్లొమా చదవడానికి వచ్చినదాన్ని, ఒకసారి స్టీరింగ్ పట్టుకున్నాక వదలబుద్ధి కాలేదు. మా తెలుగు సంఘంలో ఎదురైన ప్రతివాళ్ళూ "ఇంకా బస్సేనా?" అని అడుగుతారు. "బస్సేనండీ, ఇప్పుడు డబుల్ డెక్కర్ కూడా ఇచ్చారు" అంటాను. ఆ తర్వాత వాళ్ళు టిఫిన్ల వైపు వెళ్ళిపోతారు.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. పోయిన సంవత్సరం బళ్ళో దానికి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన ఒక నాయకురాలి జీవితం గురించి రాయాలి. ఆవిడ పేరు ఇక్కడ రాయను. కావాలంటే మా అమ్మాయిని అడగండి, గంటసేపు వదలకుండా చెబుతుంది. పత్తి చేలల్లో పెరిగిన మనిషి. ఓటు హక్కు అడిగి జైలుకి వెళ్ళింది, బయటికొచ్చి మళ్ళీ అదే అడిగింది.

అప్పట్లో అక్కడ బస్సుల్లో నల్లవాళ్ళు వెనక సీట్లలోనే కూర్చోవాలట. ఒకరోజు అన్నం తింటూ మా అమ్మాయి అడిగింది. "అమ్మా, అప్పుడు నువ్వు బస్ డ్రైవర్ అయితే ఆవిణ్ణి బ్యాక్ సీట్‌కి వెళ్ళమనేదానివా?"

"నన్ను డ్రైవర్‌ని ఎవరు చేస్తారే? నేనూ ఆవిడ పక్కనే వెనక కూర్చునేదాన్ని" అన్నాను. ఆ జవాబు నాకే బాగా నచ్చింది. రెండు రోజులు డిపోలో అందరికీ చెప్పుకున్నాను.

మా అమ్మ కూడా ఇక్కడే, ఫ్లాట్ బుష్ అనే పేటలో మా దగ్గరే ఉంటుంది. గుంటూరు వైపు చేలల్లో చిన్నప్పుడు కూలికి పత్తి తీసిన మనిషి. ప్రాజెక్టులో పత్తి మాట వినగానే టీవీ ఆపేసింది. "పత్తి తీసిందా ఆవిడ? ఒడి కట్టుకునేదా, సంచీ పెట్టుకునేదా?" అని అడిగింది. అది పుస్తకంలో లేదు. అంతే, నా చున్నీ తీసి మనవరాలి నడుముకి ఒడి కట్టింది. ఎండిన కాయ మొనలు వేళ్ళకి గుచ్చుకోకుండా దూది ఎలా లాగాలో హాల్లో కార్పెట్ మీద నిలబడి చూపించింది.

ఉగాది ఫంక్షన్‌లో పిల్లల ఏకపాత్రాభినయం పోటీ ఉంటుంది. మామూలుగా రాణులూ, దేవతలూ, భారతమాతలూ వస్తారు. తను ఆ నాయకురాలి వేషం వేస్తానని మా అమ్మాయి పట్టుబట్టింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. డైలాగులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను. ఆరు వారాలు స్నానాల గదిలో కూడా అవే వల్లె వేసింది.

పేరు ఇవ్వడానికి వెళ్తే కమిటీ ఆంటీ రాసుకుంటూ, "మంచిదమ్మా. మన పిల్లకి బాగా సూటవుద్ది కూడా" అంది. ఆవిడ ఏమనుకుని అందో నాకు అర్థమైంది. మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళం నలుపే. చిన్నప్పుడు బడి నాటకాల్లో నాకు ఏటా రాక్షసి వేషమే ఇచ్చేవారు. మా ఊళ్ళో నా అంత బాగా నవ్విన రాక్షసి ఇంకొకతె లేదు, అది వేరే సంగతి. సీత డైలాగులన్నీ కూడా నాకు కంఠతా వచ్చు.

ఇన్ని తెలిసినదాన్ని కదా, ఇక నేను చేసిన పని వినండి.

ఫంక్షన్ రోజు షిఫ్ట్ దిగి యూనిఫాంతోనే, పాపకూర అనే పేటలో ఉన్న హాలుకి పరిగెత్తాను. పక్కగదిలో అమ్మాయి ఒడి కట్టుకుని కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని డైలాగులు గొణుక్కుంటోంది. బ్యాగ్ తెరిచాను. నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. దాని ఒంటి రంగుకన్నా రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషను, పైన పౌడరు, మెడ మీద కాస్త అద్దకం. మూడేళ్ళప్పటి నుంచి ప్రతి డాన్సుకీ, ప్రతి ఫొటోకీ చేసిన మేకప్పే. నాకు మా అమ్మ చేసింది, దానికి నేను చేశాను. ప్రేమతోనే చేశాం, అది మాత్రం నిజం.

అది కళ్ళు తెరిచి అద్దంలో చూసుకుంది. "హూ ఈజ్ దిస్?" అంది. తర్వాత తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "ఆవిడ బ్లాక్ కదా అమ్మా" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నలుపు తప్పు కాదని జీవితమంతా నిలబడ్డ మనిషి వేషానికి కూర్చోబెట్టి పిల్లకి తెలుపు పూశాను.

"ఇలా అయితే నేను వెళ్ళను" అని అది ఒడి ముడి విప్పడం మొదలుపెట్టింది. ఆరు వారాల కష్టం నా చేతుల మీదుగానే పోయేలా ఉంది.

గుమ్మంలో నుంచి కమిటీ ఆంటీ తొందరపెట్టింది. "రెండు ఐటమ్స్ తర్వాత మీదే. ఏం కాదులే తల్లీ, స్టేజి లైట్లకి ఆ మాత్రం పౌడరుండాలి, లేకపోతే మొహం కనపడదు."

"అవునే, ఉండనియ్యి" అంది మా అమ్మ కూడా.

"లైట్లు పెంచమనండి ఆంటీ. మొహం మాత్రం దానిదే ఉంటది" అన్నాను.

పిల్లని కిచెన్‌లోకి లాక్కెళ్ళాను. అక్కడ గిన్నెలు తోమే లిక్విడ్ తప్ప ఇంకేమీ లేదు. దాంతోనే కడిగాను. చెవుల వెనక పౌడరు ఓ పట్టాన వదల్లేదు. నీళ్ళు కారుతున్న మొహంతో అది నా మెడకేసి చూసి, కాలర్ దగ్గర నా పౌడరు ఆగిపోయిన గీతని వేలితో చూపించింది. "మరి నీది?" అంది.

నవ్వొచ్చింది. నాదీ కడుక్కున్నాను.

లైట్లు నిజంగానే పెంచారు. మా అమ్మాయి వంగి, లేని మొక్కల నుంచి లేని దూది తీసి ఒడిలో వేసుకుంటూ మొదలుపెట్టింది. మధ్యలో ఒక డైలాగు మర్చిపోయింది. అయినా పత్తి తీయడం ఆపలేదు. ముందు వరసలో మా అమ్మ ఉండబట్టలేక, "ఒడి బరువైంది, నడుం పట్టుకో" అని పైకే అనేసింది. జనం నవ్వారు. పిల్ల నడుం మీద చెయ్యి వేసి నిటారుగా లేచింది, మాట దానంతటదే వచ్చేసింది. ఓటు అడిగిన ఘట్టం దగ్గర దాని గొంతు చివరి కుర్చీ దాకా వినపడింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ప్రైజు లక్ష్మీదేవి వేషానికి ఇచ్చారు. అది వాళ్ళిష్టం.

ఇంటికొచ్చాక కమిటీ ఆంటీ నా ఫోన్‌కి ఫొటో పంపింది. ఒడి కట్టుకున్న పిల్ల, పక్కన తడి కాలర్‌తో నేను. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది. పౌడరు మాట ఎత్తుతుందని జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆవిడ నన్ను పక్కకి జరిపేసి, పిల్ల మొహం ఒక్కటే పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"నాకు చిన్నప్పటి ఫొటో లేదు, ఎందుకో తెలుసా?" అంది. "స్టూడియోకి తీసుకెళ్ళి అక్కకి తీయించారు. ఇది నల్లగా పడుద్ది, దండగ అన్నాడు మా నాయన."

మా అమ్మాయి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది.

"తీయించి ఉంటే ఇదే మొహం" అంది మా అమ్మ. తన ఫోన్ దాని చేతిలో పెట్టింది. "ఈ ఫొటో ఇందులో వెయ్యవే. ఫోన్ తియ్యగానే పైనే కనపడేట్టు వెయ్యి."