పదహారు మడుల నవోమి

మా ఊరి యూనివర్సిటీ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఏడో నంబరు బస్సెక్కితే చాలు. టికెట్ అడగరు, కార్డు అడగరు, ఎందుకెక్కావని కూడా అడగరు. ఈ చివరిదే నాకు కాస్త లోటుగా ఉంటుంది. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి వెళ్లిపోయాక రోజూ ఒక చుట్టు తిరిగొస్తాను.

మొదట లైబ్రరీ వస్తుంది. నిద్రమొహాల పిల్లలు దిగుతారు. తర్వాత ఇంజినీరింగ్ బిల్డింగులు. మన పిల్లలంతా అక్కడే దిగుతారు. విజయవాడ, వరంగల్, కాకినాడ ఒక్కసారిగా దిగిపోయి బస్సులో తెలుగు ఆగిపోతుంది. ఆ తర్వాత స్టేడియం. మంచు పడుతున్నా నిక్కర్లతో తిరిగే పిల్లలది ఆ స్టాపు. అటుపైన ఆవుల కొట్టాలు. అక్కడొక ఆవుకి డొక్క దగ్గర గుండ్రటి మూత పెట్టారు. పిల్లలు భుజం దాకా గ్లౌజు తొడుక్కుని, మూత తీసి, కడుపులో చెయ్యి పెట్టి పాఠం చదువుకుంటారు. ఆవు నెమరేస్తూ ఉంటుంది. ఆఖరి స్టాపు పొలాలు. నలభై ఐదు వేల మంది చదివే చోట ఆ స్టాపులో దిగేది ఐదారుగురు.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒక తెలుగు పిల్ల ఇంజినీరింగ్ దగ్గర దిగలేదు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుంది. స్టేడియం దగ్గరా దిగలేదు. నేను లేచి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను.

"ఏ ఊరమ్మా మీది?"

"బాపట్ల దగ్గరాంటీ."

"ఇంజినీరింగ్ దాటిపోయింది. చూసుకోలేదా?"

"నాది అక్కడ కాదాంటీ. పొలంలో."

పొలాలు వచ్చేసరికి మిగతావన్నీ తెలుసుకున్నాను. పేరు నవోమి. తండ్రి ఆమోసు, మట్టి పరీక్షలు చేసే ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు అటెండరు. సీసాలు కడగడం, నంబర్లు వేయడం ఆయన పని. చిన్నప్పుడు ఈ పిల్ల స్కూలయ్యాక ఆ ల్యాబ్‌లోనే కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఖాళీ సీసాలో ఏదైనా పోయబోతే తండ్రి చెయ్యి పట్టుకుని, "ముందు నంబరు రాయి, తర్వాత నింపు" అనేవాడట. అగ్రికల్చర్ డిగ్రీ చేసి, ఇక్కడ మాస్టర్స్‌కి వచ్చింది. ఆదివారాలు తెలుగు చర్చికి వెళుతుంది. పెళ్లి కాలేదు, సంబంధాలు చూడటం లేదు, ఎందుకు చూడటం లేదో చెప్పలేదు.

"ఏం పండిస్తారమ్మా మీరు?"

"లీఫీ వెజిటబుల్స్ మీద రీసెర్చ్ ఆంటీ. ఆకుకూరలు."

పాలకూర కాబోలు, సలాడ్ ఆకు కాబోలు అనుకున్నాను. ఇంతడిగిన దాన్ని, ఏ ఆకుకూర అని మాత్రం అడగలేదు. జరిగినదంతా దానివల్లే జరిగింది.

ఆ పిల్ల మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి వచ్చేది. యూనివర్సిటీ సంగతులు నాకు ఆమే చెప్పింది. నూట అరవై ఏళ్ల కిందట ఈ దేశ ప్రభుత్వం ప్రతి రాష్ట్రానికీ ఇంత భూమి అని ఇచ్చి, దాని మీద వచ్చే సొమ్ముతో కాలేజీ పెట్టండి, రైతుల పిల్లలూ పనివాళ్ల పిల్లలూ చదువుకోవాలి అన్నదట. అందుకే ఇక్కడ కంప్యూటర్ల పక్కనే ఆవులుంటాయట.

"ప్రభుత్వానికి ఆ భూమి ఎక్కడిది?"

"అంతకుముందు ఇక్కడున్న తెగలది ఆంటీ. మెయిన్ గేట్ దగ్గర ఆ సంగతి రాసి బోర్డు పెట్టారు."

"బోర్డు పెట్టారా, భూమి ఇచ్చారా?"

"బోర్డే ఆంటీ."

జులై రెండో శుక్రవారం నేనూ, మా పక్కింటి కృష్ణవేణీ ఆఖరి స్టాపులో దిగాం. కృష్ణవేణిది కరీంనగర్. కొడుకు రఘువీర్‌కి విమానమెక్కి వెళ్లేంత దూరాన శాన్ రామన్‌లో ఉద్యోగం, కూతురు ఇక్కడ. ఇద్దరం మట్టిదారి వెంట కాస్త నడిచాం. కృష్ణవేణి ఆగిపోయింది.

"అక్కా, గా ఆకు చూడు. పుంటికూర!"

వాళ్లవైపు గోంగూరని పుంటికూర అంటారు. నిజంగానే గోంగూర. మోకాలెత్తు, లేత ఆకు. ఈ దేశంలో కట్టలుగా వాడిపోయి దొరకడమే తప్ప నేల మీద నిలబడిన గోంగూరని పదకొండేళ్లలో నేను చూడలేదు. చుట్టూ కంచె లేదు. మనిషి లేడు. మడికొకటి చొప్పున చిన్న జెండా గుచ్చి ఉంది, దాని మీద ఒక నంబరు. గ్యాసు పైపులు తవ్వేముందు మా వీధిలో గడ్డి మీద ఇలాంటివే గుచ్చుతారు.

"గ్యాసోళ్లవి" అంది కృష్ణవేణి.

పైగా వేసిన తీరు చూస్తే జాలేసింది. ఎర్రకాడ పక్కన తెల్లకాడ, దాని పక్కన సన్నాకు, మళ్లీ ఎర్రకాడ. ఒక వరసా లేదు, పద్ధతీ లేదు. పదహారు మడులూ అంతే. ఏమీ తెలియనివాళ్లు ఏదో పూలమొక్క అనుకుని చల్లి వదిలేశారని ఇద్దరం తేల్చేశాం.

మర్నాడు పొద్దున మరో ఇద్దరిని వెంటబెట్టుకుని, కూరగాయల కత్తులూ కవర్లూ పట్టుకుని వెళ్లాం. ఎర్రదీ తెల్లదీ కలిపితే పచ్చడి చెడుతుందని కృష్ణవేణి పట్టుబట్టింది. సరే, మడికొక కవరు అన్నాను. ఏ మడిది బాగా పులుపో తెలిస్తే ఈసారి నేరుగా అక్కడికే రావచ్చని, కవరు మీద మార్కరుతో జెండా నంబరు రాసి, ఒక ఆకు నమిలి చూసి పులుపెంతో దాని కిందే రాశాను. ఒక్క మడి దగ్గర మాత్రం ఆకు నమలడం మర్చిపోయాను. పదకొండూ నలభై బస్సుకి ఇంటికొచ్చాం. నలుగురికీ సమంగా పంచకపోతే మాటలొస్తాయని, ఇండియా ప్రయాణానికి పెట్టెలు తూచే కొక్కెం కాటాకి ఒక్కో కవరూ తగిలించి తూచి, ఆ బరువు కూడా కవరు మీదే రాశాను. మొత్తం సుమారు ఇరవై నాలుగు కిలోలు. సాయంత్రానికి నాలుగిళ్లలో పచ్చడి.

ఆదివారం నవోమి భోజనానికి వచ్చింది. వేడన్నంలో గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ముక్క. మూడుసార్లు వేయించుకుంది.

"ఎంత ఫ్రెష్‌గా ఉందాంటీ! ఏ స్టోర్‌లో తీసుకున్నారు?"

"స్టోరు కాదమ్మా. మీ యూనివర్సిటీ పొలాల్లోనే. ఎవరో చేతకానివాళ్లు వేసి వదిలేశారు."

నవోమి ముద్ద కంచంలో పెట్టేసింది.

"అక్కడ చిన్న చిన్న జెండాలు ఉన్నాయా ఆంటీ?"

"ఉన్నాయి. గ్యాసు కంపెనీవి."

"కాదాంటీ" అంది నెమ్మదిగా. "నావి."

కాసేపటికి ఆ ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. తర్వాత విషయం చెప్పింది. నాలుగు రకాల గోంగూర, ఒక్కోటి నాలుగు మడులు. ఎండా గాలీ ఏ రకానికీ ప్రత్యేకంగా కలిసిరాకుండా చీట్లు తీసినట్టు కలిపి వేయడమే పద్ధతట. ఈ చలిదేశంలో ఏ రకం ఎక్కువ బరువు తూగుతుందో తేల్చడం ఆమె థీసిస్. మంచు పడేలోగా మూడే కోతలు. మొదటి కోత రేపు పొద్దున ఎనిమిదింటికి. అది పోతే ఈ ఏడు పంట లెక్కలోకి రాదు. ఫండింగ్ వచ్చే మే నెలతో అయిపోతుంది, ఇంకో ఏడు వేసే వీలు లేదు. డిగ్రీ లేకుండా బాపట్ల వెళ్లాలి.

"గోంగూర అని నాతో ఒక్క మాట అనలేదేమే?" అన్నాను. తప్పు నాదే, అయినా అడిగాను.

"వచ్చిన కొత్తలో చర్చిలో చెప్పానాంటీ. గోంగూర చదవడానికి వీసా ఇచ్చారా అని అందరూ నవ్వారు. అప్పట్నుంచి లీఫీ వెజిటబుల్స్ అంటున్నాను."

ఆమె ఏడవలేదు. కంచం తీసి కడగడానికి సింకు దగ్గరికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లి సింకు కింద తలుపు తీశాను. ప్రతి తెలుగింట్లో ఉన్నట్టే మా ఇంట్లో కూడా అక్కడ కవర్లు నింపిన కవరు ఒకటి ఉంటుంది. దులిపి మడతపెట్టి దాచడమే తప్ప కవరు పారేసింది లేదు. పంపకానికి మా ఇంట్లోనే అన్నీ ఖాళీ చేశాం. అంతా కింద కుమ్మరించాను.

నవోమి నేల మీద కూర్చుని ఒక కవరు విప్పింది. "102. కిలో ఆరువందల నలభై. నోరు జివ్వుమంది." ఇంకొకటి విప్పింది. "203. రెండు కిలోల నూట ఇరవై. పులుపు లేదు, దండగ."

"ఆంటీ, ఈ నంబర్లు ఇంటికొచ్చాక రాశారా, అక్కడే రాశారా?"

"అక్కడే. నింపకముందే రాశాను."

నవోమి నా మొహం చూసింది. "మా నాన్న లాగా" అంది.

పదిహేను కవర్లు దొరికాయి. 304 లేదు. కృష్ణవేణిని పిలిచాను. తన వాటా ఆకు ఆ కవరులోనే పట్టుకెళ్లానని, వారాంతానికి వచ్చిన కొడుకు పొద్దున్నే విమానం ఎక్కుతుంటే పచ్చడి సీసా దాంట్లో చుట్టి ఇచ్చానని అంది. అతనికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టింది.

"రఘూ, పచ్చడి సీసకు చుట్టిన కవరు మీద ఏం రాసుందో జెర చదువు బిడ్డా."

"పచ్చడి లేదమ్మా. ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ వాళ్లు తీసేసుకున్నరు. క్యారీ ఆన్‌లో పేస్ట్ అలో చేయరంట."

"సూట్‌కేసుల వెయ్యమంటి గదరా! మరి కవరు?"

"సీసాతో పాటే పోయింది. కవరుకి ఇంత టెన్షన్ ఎందుకమ్మా?"

నవోమి తన పుస్తకంలో 304 ఎదురుగా, లెక్క దొరకలేదని చిన్న గీత గీసింది.

సోమవారం ఎనిమిదింటికి మమ్మల్ని నలుగురినీ పొలానికి తీసుకెళ్లింది. ప్రొఫెసర్ హాస్కెల్ అప్పటికే అక్కడున్నాడు. పొడవాటి మనిషి, గడ్డి టోపీ. మిగిలిన మోళ్లను చాలాసేపు చూశాడు. కోప్పడలేదు. జేబులోంచి టేపు తీసి మోళ్ల ఎత్తు కొలవడం మొదలుపెట్టాడు. పదహారు మడులూ కొలిచి, ఇదంతా ఒకే ఎత్తులో ఎలా కోశారని నవోమి చేత అడిగించాడు. కృష్ణవేణి బొటనవేలూ చిటికెనవేలూ చాచి జానెడు చూపించింది. అంతకంటే కిందికి కోస్తే మళ్లీ చిగురు రాదు, పైకి కోస్తే కాడ దండగ. దీనికి కొలత ఏమిటని ఎదురడిగింది.

ఆయన నమ్మలేదు. మడుల చుట్టూ లెక్కలోకి రాని గట్టు వరస ఒకటి ఉంటే, ఒక్కొక్కరినీ తన ఎదుట ఐదేసి మొక్కలు కోయమన్నాడు. కోశాం. ఇరవై మోళ్లూ కొలిచాడు. తేడా అంగుళం లోపే.

తర్వాత నా కాటా తీసుకుని ల్యాబ్ తూకపురాళ్లు తగిలించాడు. ప్రతిసారీ నలభై గ్రాములు ఎక్కువ చూపించింది. అంటే పదకొండేళ్లుగా మేం విమానంలో మాకు రావలసిన దానికంటే నలభై గ్రాములు తక్కువ మోశామన్నమాట.

"ప్రతిసారీ నలభయ్యే అయితే తీసేయొచ్చు అంటున్నారాంటీ" అంది నవోమి. "కోసిన ఎంతసేపటికి తూచారు?"

"పదింటికి మొదలుపెట్టాం. పదకొండూ నలభై బస్సు. పన్నెండున్నరకి తూకం అయిపోయింది."

ఆయన రాసుకున్నాడు. వెళ్తూ నవోమితో ఒకటే మాట అన్నాడట: జరిగింది జరిగినట్టు థీసిస్‌లో రాయి, ఒప్పుకోవాలో వద్దో కమిటీ చూస్తుంది.

ఆగస్టులో రెండో కోతకీ, సెప్టెంబరులో మూడో కోతకీ మమ్మల్నే పిలిచారు. అంతకుముందు కంప్యూటర్లో సేఫ్టీ కోర్సు చేయించారు. కత్తి ఎటువైపు పదునో అందులో ఒక ప్రశ్న. నాకు నూటికి తొంభై, కృష్ణవేణికి ఎనభై ఐదు. ఆ ఐదు మార్కుల సంగతి ఆమె ఇప్పటికీ ఎత్తనివ్వదు.

ఏప్రిల్‌లో థీసిస్ పరీక్ష. ఎవరైనా వచ్చి వినొచ్చన్నారు, వెళ్లాం. యూనివర్సిటీలో నవోమి రబ్బరు బూట్లు లేకుండా కనిపించడం అదే మొదటిసారి. బాపట్ల నుంచి ఆమోసు గారు ఫోన్‌లో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నారు. కమిటీలో ముగ్గురు. అందులో లెక్కల మేడమ్ ఒకావిడ కళ్లజోడు పైకి తోసి, మొదటి కోత తూకం ఎవరు వేశారని అడిగింది.

"ఊరివాళ్లు నలుగురు. పర్మిషన్ లేకుండా" అంది నవోమి.

"వాళ్లను మళ్లీ కలిశారా?"

"వెనక వరసలో ఉన్నారు."

మేం చేతులెత్తాం.

చివరికి నవోమి ఫలితం చెప్పింది. మూడు కోతల్లోనూ ఎక్కువ బరువు తూగింది తెల్లకాడ వెడల్పాకు రకం. అంటే 203 మడిలోది. నేను నాలుగు కవర్ల మీదా పులుపు లేదని రాసిన రకం. వచ్చినవాళ్లు కూడా ప్రశ్నలడగొచ్చన్నారు. అడక్కుండా ఉండాల్సిందని కృష్ణవేణి ఇప్పటికీ అంటుంది. నేను చెయ్యెత్తాను.

"మరి పులుపు సంగతేమిటమ్మా? పులుపు లేని గోంగూర ఎంత బరువుంటే ఏం?"

నవోమి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ముగ్గురికీ వినిపించింది. పూర్తిగానే వినిపించింది, కావాలంటే మింగేయొచ్చు. తర్వాత, "అది నేను కొలవలేదు" అంది. లెక్కల మేడమ్ హాస్కెల్ వైపు చూసింది. మమ్మల్నీ, నవోమినీ బయటికి పంపి తలుపు వేసుకున్నారు.

ఇరవై ఐదు నిమిషాలు కారిడార్‌లో నిలబడ్డాం. కృష్ణవేణి నాకు వీపు తిప్పి నిలబడింది. నవోమి ఫోన్ పట్టుకుని ఉంది, అవతల ఆమోసు గారు చొక్కా కాలరు సర్దుకుంటున్నారు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

తలుపు తీసుకుని హాస్కెల్ వచ్చి నవోమికి చెయ్యి అందించాడు. పాస్. అయితే ఒక దిద్దుబాటు చేసి ఇవ్వాలి: కవర్ల మీద పులుపు గురించి రాసిన మాటలన్నీ ఇంగ్లీషులోకి మార్చి థీసిస్ చివర చేర్చాలి. ఫోన్‌లో ఆమోసు గారు కళ్లు తుడుచుకుని, నంబర్లు సరిచూసుకో అన్నారు.

ఆ ఆదివారం నవోమి లాప్‌టాప్ తెచ్చుకుని మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. కవర్లు ఒక్కొక్కటీ విప్పి చదువుతున్నాను.

"జివ్వుమందిని ఏమని రాయను ఆంటీ?"

"నమిలితే చెవుల వెనక లాగినట్టుంటుంది. అలా రాయి."

రాసింది. పదిహేనూ అయ్యాయి.

"304 రుచి చూశారా ఆంటీ?"

"అదొక్కటే మర్చిపోయాను. పచ్చడి కూడా సెక్యూరిటీ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. తిని ఉంటే వాళ్లకి తెలియాలి. అడిగి రాస్తావా?"

 నవోమి 304 ఎదురుగా మళ్లీ గీతే పెట్టింది.