ఒకటో నంబరు బిళ్ళ

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు వంటింటి పక్క గోడకున్న చెక్కపలక మీద బిళ్ళలు తగిలించాను. పదహారు మేకులు, పదహారు ఇత్తడి బిళ్ళలు, ఒక్కొక్క దాని మీద ఒక నంబరు. తడిగుడ్డతో తుడిచి, వరుస తప్పకుండా పెట్టి, ఆ తర్వాతే పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. మూడు కుటుంబాల వాళ్ళు, మొత్తం పదముగ్గురు, మూడు రోజులు ఉండడానికి ఆ పూట మా ఇంటికి వస్తున్నారు.

ఈ బిళ్ళల సంగతి బయటివాళ్ళకు చెప్పాలి. గనిలోకి దిగే ముందు ప్రతి మనిషీ లాంప్ రూంలో తన నంబరున్న బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక లాంప్ రూంలో ఒక బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. మా ఆయన గనిలో ఒక షిఫ్టు మనుషుల బాధ్యత చూసే సర్దారుగా చేసిన రోజుల్లో ఒకసారి అట్లాగే ఒక బిళ్ళ మిగిలింది. డ్యూటీ దిగిన వాళ్ళే మళ్ళీ కిందికి దిగి రెండు గంటలు వెతికారు. చివరికి ఆ మనిషి దొరికాడు. దీపం నడుముకు అట్లాగే ఉంచుకుని సైకిలెక్కి ఇంటికి పోయి, పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. ఆ అన్నం సంగతి మా ఆయన ఎన్నడూ మరచిపోలేదు. మనిషి లెక్క తేలకముందు ఎవరూ అన్నం ముట్టొద్దని ఇంట్లో షరతు పెట్టాడు.

ఆయన, నేను, మా అమ్మాయి ముగ్గురమే ఉన్న ఇంట్లో ఆ షరతుకు పని తక్కువ. ఆయన షిఫ్టు స్నేహితులు వచ్చినప్పుడే దానికి పని పడేది. ఒకాయన నస్పూర్‌లో స్థిరపడ్డాడు. ఆయన మా ఆయన కంటే చిన్నవాడు, నన్ను వదినా అంటాడు. ఇంకొకాయన గని పని మానేసి బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు. మూడో ఆయన కోస్తా నుంచి వచ్చిన సర్వేయర్, కొన్నేళ్ళకే తిరిగి అటే వెళ్ళిపోయాడు. ప్రతి మే నెలలో మూడు కుటుంబాలూ మా ఇంట్లో మూడు రోజులు ఉండేవి. మొదటి ఏడే సర్వేయర్ కూతురు కనబడకుండా పోయింది. కాలనీ అంతా తిరిగి చూస్తే మా మేడ మీదే, నీళ్ళ ట్యాంకు నీడలో నిద్రపోతూ ఉంది. మర్నాడే మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరుతో ఈ బిళ్ళలు కొట్టించాడు. బయటికి పోయేవాళ్ళు బిళ్ళ జేబులో వేసుకుపోవాలి, రాగానే తగిలించాలి. మేకులన్నీ నిండాక ఆయన పలకను ఒకసారి చూసి, "అందరొచ్చిండ్రు, కూసోండ్రి" అనేవాడు. అప్పుడే విస్తళ్ళు పడేవి.

ఫోన్లు వచ్చాక పిల్లలు ఆయన్ను ఆట పట్టించారు. ఫోన్లో చార్జింగ్ అయిపోతుంది, బిళ్ళకు ఆ ఫికర్ లేదని ఆయన జవాబు. ఎక్కువగా బిళ్ళ పోగొట్టుకునేది సర్వేయరే. గని మొత్తానికి ప్లాన్ గీసినోనికి సొంత జేబు దొరకదని నస్పూర్ తమ్ముడు ఎత్తిపొడిస్తే, ప్లానులో నా జేబు లేదండీ అని ఆయన చేతులు చూపించేవాడు.

మా ఆయన పోయింది ఆగస్టులో. అప్పుడు చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు. వాటిలో పనికొచ్చినవి తక్కువ. ఆ మరుసటి ఏప్రిల్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఆయన భార్య, మా బసంత్‌నగర్ అక్క, ఫోన్ చేసింది. ఈసారి నీకెందుకు శ్రమ, మంచిర్యాలలో రూములు తీసుకుంటాం, పగటి పూట వచ్చి కూర్చుని పోతాం అంది. రూములు వద్దు, మా ఇంట్లోనే దిగాలని చెప్పాను. పదహారు మందికి వండడం నాకు ఎన్నడూ కష్టం కాలేదు. పెద్ద గంజులో ఎన్ని సోలల బియ్యం పోయాలో, ఎసరు ఎంత పెట్టాలో నా చేతికి తెలుసు. నాకు తెలియాల్సింది ఇంకొకటి. ఇన్నేళ్ళూ వాళ్ళు వచ్చింది ఆయన ఇంటికా, మా ఇద్దరి ఇంటికా? ఆయన ఇంటికే అయితే ఇదే ఆఖరు మే నెల. ఇది నేను పైకి ఎవరితోనూ అనలేదు.

ఒకటో నంబరు ఆయనది. దాన్ని పెట్టెలోనే ఉంచేద్దామని ఒకసారి అనుకున్నాను. ఉంచేస్తే మేకు ఖాళీగా ఉంటుంది. ఖాళీ మేకుకు మా ఇంట్లో ఒకటే అర్థం, మనిషి బయట ఉన్నాడు, వస్తాడు. అందుకని తగిలించాను. మేమందరం కలిసి పదిహేను మందిమి, బిళ్ళలు పదహారు.

వాళ్ళు వచ్చారు. బసంత్‌నగర్ అక్క రెండు క్యారియర్ల నిండా కూరలు, ఒక కట్ట కాగితం ప్లేట్లు తెచ్చింది. ప్లేట్లు అటక మీద పెట్టించాను. కూరలు మాత్రం అందరికీ వడ్డించాను, వంకాయ బాగా కుదిరిందని చెప్పాను కూడా. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పని చెయ్యనివ్వకూడదని ఆడవాళ్ళు ముందే మాట్లాడుకున్నట్టుంది. ఎవరికి ఏ పని చెప్పాలో నాకు తెలుసు కాబట్టి ఆ ఏర్పాటు గంట కూడా నిలవలేదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్‌కు షెల్ఫులో గిన్నెలు కదిలాయి. సర్వేయర్ మనవరాలు మాత్రం ఉలిక్కిపడింది.

మొదటి రోజు రాత్రి భోజనాల వేళ మేకులన్నీ నిండి ఉన్నాయి. అందరూ హాల్లో నిలబడ్డారు. కూర్చోమనే మాట అనాల్సింది నేనని నాకు తెలుసు. నోరు తెరిచేలోపు సర్వేయర్ గొంతు సవరించుకుని, కూర్చుందామాండీ అన్నాడు. అందరూ హమ్మయ్య అన్నట్టు కూర్చున్నారు. ఆయన నాకు సాయం చేద్దామనే అన్నాడు. కానీ ఆ పూట వడ్డిస్తున్నంతసేపూ ఆ ఇంట్లో నేనే చుట్టాన్ననిపించింది. రేపు ఆ మాట నేనే అనాలని నిర్ణయించుకున్నాను.

రెండో రోజు ఎండ తగ్గాక అందరూ గోదావరి ఒడ్డుకు బయలుదేరారు. పలక దగ్గర పెద్ద గుంపు, బిళ్ళల చప్పుడు. నేను, నస్పూర్ తమ్ముడి భార్య వంటకు ఆగిపోయాం. బగారా అన్నం, కోడి కూర, పచ్చిపులుసు. అప్పుడు నేను పలక వైపు చూడలేదు. చూడాల్సింది వాళ్ళు తిరిగొచ్చాక.

ఏడింటికి తిరిగొచ్చారు. కాళ్ళు కడుక్కుని ఒక్కొక్కరూ బిళ్ళలు తగిలించారు. చేతులు తుడుచుకుని నేను హాల్లోకి వచ్చేసరికి అందరూ పలక ముందే నిలబడి ఉన్నారు.

"పెద్దమ్మా, ఒకటో నంబరు రాలె," అంది మా బసంత్‌నగర్ వాళ్ళ చిన్న కోడలు. పెళ్ళయి ఏడాది, ఆ నంబరు ఎవరిదో ఆమెకు తెలియదు. మిగతా అందరికీ తెలుసు.

సర్వేయర్ మనుషులను లెక్కపెట్టాడు. పదిహేను మందిమీ ఉన్నాం. మళ్ళీ లెక్కపెట్టాడు. మేకు నుంచి జారి ఉంటుందని మా అమ్మాయి ఫోన్ లైటు వేసి పలక కింద, చెప్పుల మధ్య వెతికింది. ఆ బిళ్ళ మనిషి రాడని తెలిసి కూడా ఒక్కరూ కూర్చోలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు కాళ్ళలో ఉండిపోయింది. నస్పూర్ తమ్ముడు ఒక్కడే గడప మీద కూర్చుని ఉన్నాడు, చెయ్యి చొక్కా జేబు మీద పెట్టుకుని.

వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"నా దగ్గరనే ఉన్నది వదినా," అన్నాడు. "అన్న లేకుంట ఒడ్డుకు ఎన్నడు పోలె. అందుకే తీస్కపోయిన."

"మరి వచ్చినంక తగిలియ్యవైతివి."

"ఎట్ల తగిలియ్యాలె? తగిలిస్తె అన్న ఇంట్ల ఉన్నట్టు. లేడు గద."

నిన్న ఉదయం నేను పక్కకు పెట్టిన ప్రశ్న అదే. తగిలిస్తే అబద్ధం, తగిలించకపోతే ఎదురుచూపు. తమ్ముడు సాయంత్రమంతా దాన్ని జేబులో మోస్తూ తిరిగాడు. అది మోయడానికి ఆయనకు మా ఇల్లే చోటయింది. నేను తేల్చుకోవాలనుకున్నది అక్కడే తేలిపోయింది. వాళ్ళు వచ్చింది మా ఆయన ఉన్నాడని కాదు. ఆయన లేడని ఎవరి దగ్గర అనొచ్చో తెలిసి వచ్చారు.

"నీ జేబులనే ఉండనియ్యి తమ్మీ," అన్నాను. "లే, కాళ్ళు కడుక్కో."

తర్వాత హాలు వైపు తిరిగాను. పదిహేను మేకులకు బిళ్ళలున్నాయి, మొదటిది ఖాళీ. దాన్ని చూస్తూనే అన్నాను.

"అందరొచ్చిండ్రు. కూసోండ్రి."

మొదట సర్వేయర్ కూర్చున్నాడు. ఆ తర్వాత అందరూ. నస్పూర్ తమ్ముడు ఆఖర్న వచ్చి, ఎప్పుడూ కూర్చునే మూలన కూర్చున్నాడు. పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందని ముందు చెప్పింది ఆయనే. వచ్చిన దగ్గర్నుంచీ ఎవరూ నా వంటకు వంక పెట్టలేదు, అది నాకు నచ్చలేదు కూడా. ఉప్పు డబ్బా ఆయన ముందుకు జరిపాను.

ఏడాది తిరిగింది, ఈ ఏప్రిల్‌లో బసంత్‌నగర్ అక్క మళ్ళీ ఫోన్ చేసింది. రావాలా వద్దా అని అడగలేదు, ఏ తారీఖు అని అడిగింది. కాగితం ప్లేట్లు ఇంకా అటక మీదే ఉన్నాయా, పోయేటప్పుడు తీసుకుపోతానంది. మూడు కుటుంబాలూ వచ్చాయి, మూడు రోజులు ఉన్నాయి. పలక గోడకే ఉంది. దాని మేకులకు తాళాలు, గంటెలు, వడగట్టే గుడ్డ వేలాడుతున్నాయి. పదిహేను బిళ్ళలు పెట్టెలో ఉన్నాయి, ఒకటి నస్పూర్‌లో ఉంది. వంట కాగానే నేను కూర్చోమంటాను, ఒడ్డు నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ళకు వేరే తీసిపెడతాను. మేకులు చూసి అన్నం పెట్టడం మా ఇంట్లో ఇప్పుడు లేదు.