మూడు నిమిషాల బాబాయ్

మా ఆసుపత్రి ఎంక్వయిరీ గదిలో పనిచేసిన బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఫోన్ చేసినవాళ్లకి మేం ఎత్తేలోగా వినిపించే ట్యూన్‌ని ఆయన ఆఖరిదాకా మోగనిచ్చేవాడు కాదు. అది పూర్తిగా విన్నవాడు చస్తాడనేవాడు. ఆ పిచ్చి మీద రెండు పేజీల ఫిర్యాదు రాసి, ఆయన్ని కింది అంతస్తు రికార్డు గదిలో పడేయించిన ఘనుణ్ణి నేనే.

ట్యూన్ నిడివి మూడు నిమిషాలు. ఎవరో చవక కీబోర్డు మీద వాయించింది, ఫోన్ మెషీన్‌తోపాటే వచ్చింది. మా బల్ల మీది స్పీకర్లోనూ మోగేది. రెండున్నర నిమిషాల దగ్గర వేణువులాంటి కూత ఒకటి మొదలయ్యేది. అదొచ్చిందంటే ఇక అరనిమిషమే. కూత వినబడితే బాబాయ్ నోట్లో టీ నోట్లోనే ఉండిపోయేది, ఆయన మాత్రం ఫోన్ దగ్గరుండేవాడు. ఒకసారి పక్కగదిలో పన్ను పీకించుకుంటూ మధ్యలో లేచొచ్చి, నోటినిండా దూదితో ఫోన్ ఎత్తాడు. అవతలి పెద్దావిడ, "అయ్యో, పేషెంటు చేతికిచ్చారేంటి ఫోను? స్టాఫ్‌నెవరినైనా పిలువు నాయనా" అందట.

కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పేవాడు.

"ఈ ట్యూన్ కట్టినవాడు ఆఖరి స్వరం వాయించి, కీబోర్డు మీదే వాలిపోయాడు. మెషీన్ బిగించడానికొచ్చినవాడు టెస్టింగని మొత్తం విన్నాడు. నిచ్చెన మీంచి పడి పోయాడు."

"పోయినసారి చెప్పినప్పుడు బస్సు గుద్దిందన్నారు?" అన్నాను నేను.

"నిచ్చెన మీంచి బస్సు కింద పడ్డాడు."

"ఆసుపత్రి లోపలికి బస్సెలా వచ్చింది బాబాయ్?"

"అదే కదరా శాపమంటే!"

మిగతా ముగ్గురు గుమాస్తాలూ వణికిపోయేవాళ్లు. కూత మొదలైతే చాలు, అందరూ ఒకే ఫోన్ మీద పడేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. డిగ్రీ లేకపోయినా లైబ్రరీలో సగం బీరువాలు నమిలినవాణ్ణి. నేను చదివినదాంట్లో సగం కూడా చదవనివాళ్లు నా పైన కూర్చున్నారన్న కడుపుమంట ఎటూ ఉంది. అదంతా కలిపి ఫిర్యాదులో కుమ్మరించాను. "వైద్యాలయంలో మూఢనమ్మకాలు" అని శీర్షిక, దాని కింద రెండు గీతలు.

బాబాయ్‌ని కిందికి పంపిన రోజే, అందరి ముందూ పక్క ఫోన్ నుంచి మా నంబరుకే చేసి, రిసీవర్ చెవికి పెట్టుకుని ట్యూన్ మొత్తం విన్నాను. "చూశారా? బతికే ఉన్నాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. శాపం వదిలింది. దాంతోపాటు తొందరా వదిలింది. స్పీకర్ నోరు నొక్కేశాం. టీ వేడివేడిగా తాగడం అలవాటైంది.

రెండు నెలలకి అమ్మ మెడ దగ్గర గడ్డ తీశారు, మా ఆసుపత్రిలోనే. ముక్క పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చే రోజు సెలవు పెట్టి ఇంట్లో అమ్మ దగ్గరే ఉన్నాను. పదకొండింటికి ఫోన్ చేశాను. ట్యూన్. కూత. అయిపోయింది. మళ్లీ మొదలైంది. అమ్మ దుప్పటి మడతపెట్టింది. విప్పింది. మళ్లీ మడతపెట్టింది.

"ఎవరూ ఎత్తడం లేదా?"

"ఎత్తుతారమ్మా."

"మీ ఆఫీసే కదరా?"

గోడవైపు తిరిగాను. మూడోసారి కూత వచ్చింది. ఆ ట్యూన్ మనిషిని చంపగలదని నేను నమిలిన ఏ పుస్తకంలోనూ లేదు.

"హలో, చెప్పండమ్మా!" రొప్పుతూ ఒక గొంతు. బాబాయ్! ఏదో ఫైలు ఇవ్వడానికి పైకొచ్చి, ఫోన్ దీపం మెరుస్తుంటే ఉండబట్టలేకపోయాడట. సంగతి చెప్పాను.

"నిన్ను మళ్లీ ఆ ట్యూన్‌కి అప్పజెప్పను. రిసీవర్ బల్ల మీద పెట్టి వెళ్తున్నా. ఉండు."

ఉన్నాను. చెప్పుల చప్పుడు ల్యాబ్ వైపు పరిగెత్తింది. "పెద్దాయనకి పిచ్చి తగ్గలేదురోయ్" అని మావాళ్లలో ఒకడన్నాడు. ఎవరో నవ్వారు. నేనక్కడుంటే నేనూ నవ్వేవాణ్ణే. చెప్పులు మళ్లీ పరిగెత్తుకొచ్చాయి.

"కొవ్వుగడ్డేరా! ఉత్త కొవ్వుగడ్డ! డాక్టరమ్మ చేత రెండుసార్లు చదివించాను. నాతో తర్వాత మాట్లాడుదువు, ముందు అమ్మకి చెప్పు!"

చెప్పాను. అమ్మ దుప్పటి కింద పడేసి, దాని మీదే కూలబడింది. కాసేపటికి, "ఆకలేస్తోందిరా" అంది. ఆ మాట విని మూడు రోజులైంది.

మర్నాడు రికార్డు గదికి వెళ్లాను. బాబాయ్ దుమ్ములో కూర్చుని ఫైళ్లకి తాడు కడుతున్నాడు.

"నిజం చెప్పండి బాబాయ్. ఆ ట్యూన్ విని ఎవరైనా పోయారా?"

"ఎవడూ పోలేదు. అది కట్టినవాడెవడో నాకేం తెలుసు?"

"మరి?"

"మొదట ‘త్వరగా ఎత్తండి’ అని బోర్డు రాశాను. ఎవడూ చూళ్లేదు. బతిమాలాను. నవ్వారు. సూపరింటెండెంటు గారు మెమోలిచ్చారు. వాటి మీద టీ గ్లాసులు పెట్టుకున్నారు. అవతలివాడు చస్తాడర్రా అన్నాను. కదల్లేదు. స్పీకర్లో విన్నవాడూ చస్తాడన్నాను. లేచి పరిగెత్తారు."

నేను నేల చూపులు చూస్తూ, "ఆ ఫిర్యాదు రాసింది..." అన్నాను.

"తెలుసు. ఆ ఫైలుకి తాడు కట్టింది నేనే. బాగా రాశావురా. చదువుతుంటే నాకే నా మీద కోపమొచ్చింది."

ఆ సాయంత్రమే ఇంకో అర్జీ రాశాను, ఈసారి నాలుగు పేజీలు. చదవడం భరించలేకనో ఏమో, సూపరింటెండెంటు గారు వారంలోపే బాబాయ్‌ని పైకి తెచ్చారు. రిటైరయ్యే రోజుదాకా ఆయన పరిగెత్తుతూనే ఉన్నాడు.

పోయిన నెల కళ్లజోళ్ల షాపు ముందు కనిపించాడు. అమ్మ ఎలా ఉందని అడిగాడు. బాగా తింటోందన్నాను.

"పాత మెషీన్ తీసేశారు బాబాయ్. కొత్త ట్యూన్ పెట్టారు. కొత్తగా చేరినవాళ్లకి ఇప్పుడు మొదటిరోజు నేనే చెబుతున్నాను."

ఆయన అటూ ఇటూ చూసి, నా భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించాడు.

"ఎంతమందిని చంపావు?"

"ఐదుగుర్ని."

"ముగ్గుర్ని బతికించెయ్యరా. మన పనికి ఇద్దరు చాలు."