కిటికీ సందుల్లో గుడ్డలు

ఆ ఏడు మర్రిగూడలో చలి బాగా పడింది. బాలింతగా ఉన్న కూతురికి, పసివాడికి గాలి తగలకూడదని గది కిటికీ సందుల్లో పాతచీర గుడ్డలు కుక్కి, లోపల బొగ్గుల కుంపటి పెట్టాను. రోజూ ఎవరో ఆ గుడ్డలు పీకేస్తున్నారు. నా అనుమానమంతా కోడలి మీదే.

"ఎలుకలు పీకుతున్నయా?" అని దెప్పాను.

"ఏమో అత్తమ్మా" అంది, తల ఎత్తకుండా. ఆడబిడ్డంటే గిట్టదనుకున్నాను.

ఒక సాయంత్రం గుడ్డలు మళ్లీ కుక్కి, లోపలి నుంచి తలుపు గడియ పెట్టి నేనే గదిలో కాపలా కూర్చున్నాను. కాసేపటికి తల దిమ్మెక్కింది. కూతుర్ని పిలిస్తే పలకలేదు. కోడలు తలుపు బాదుతుంటే పాక్కుంటూ వెళ్లి గడియ తీశాను. ముందు పసివాణ్ణి, తర్వాత మమ్మల్ని బయటికి తెచ్చింది. కూతురు కళ్లు తెరిచి, వాడు ఏడ్చేదాకా నా గుండె కుదుటపడలేదు.

"బొగ్గుల గాలికి పానం పోతదని చెప్తే నువ్వు ఇంటవా? అందుకే గుడ్డలు పీకిన" అంది కోడలు.

తప్పు నాదేనని ఆమెతో ఇప్పటికీ అనలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.