తలూపిన క్షణం

డెబ్బై ఒకటి నాటి యుద్ధం ముగిసిన మరుసటేడు. నాకు నలభై ఆరేళ్లు. బట్టకు పడుగు, అంటే నిలువు పోగులు, ఎన్ని కావాలో నేతగాళ్లకు లెక్క కట్టివ్వడం నా పని. ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. తర్వాత వరి ఆకు గీరుకుని కుడి నల్లగుడ్డు మీదా తెల్లటి పువ్వు వేసి, చూపు దాదాపు పోయింది.

బెజవాడలో కంటి డాక్టరు గారు చూసి, "నల్లగుడ్డు మొత్తం గోరు మందమేనండీ. అందులో పై సగం ఒలిచి, చనిపోయినవారి కంటి పొర కుడతాను. కింది సగానికి చిల్లి పడితే కన్ను దక్కకపోవచ్చు. అస్సలు కదలకండి" అన్నారు.

చుక్కల మందుతో కన్ను మొద్దుబారింది గాని, మెలకువగానే ఉన్నాను. పొర సగం దాకా విడదీశాక ఆయన, "బాగానే ఉందా, శేషయ్య గారూ?" అని అడిగారు. పెద్దవాళ్లు పలకరిస్తే తలూపడం మనకు అలవాటు. ఊపాను.

"అయ్యో, ఆగండి!"

చెంప మీదికి నీరు జారింది. కన్నీరో, కంటిలోని నీరో తెలియలేదు.

కాసేపటికి ఆయన, "సూదిమొనంత చిల్లి. తప్పు నాదేనండీ, కత్తి చేతిలో ఉండగా పలకరించకూడదు. అవతలి పక్కనుంచి మళ్లీ మొదలుపెడతాను" అన్నారు.

కట్టు విప్పాక మా ఆవిడ ముఖం మసకగా కనబడింది. "ఇంత నెరిసిందేమిటే జుట్టు?" అన్నాను. "చూపొచ్చిందో లేదో, వంకలు మొదలు!" అంటూ కళ్లు తుడుచుకుంది.

పడుగు పోగులు తక్కువొస్తే అప్పటిదాకా నేతగాడినే తిట్టేవాణ్ణి. తలూపింది నేనైనా తప్పు తనమీద వేసుకున్న ఆ డాక్టరు గారిని చూశాక, ముందు నా లెక్క కాగితం తీసి చూసుకుంటున్నాను. చాలాసార్లు తప్పు అందులోనే దొరుకుతోంది.