మిట్టమధ్యాహ్నం మంచు

డెబ్బైల నాటి మాట. పామర్రులో మా కొత్త తలుపులకు పాలిష్ పెట్టిస్తున్నాం. పాలిష్‌లో కలపగా మిగిలిన స్పిరిట్‌ను మా మరిది సాయంత్రం సోడాలో కలుపుకుని తాగేశాడు. మందు వాసన గుమ్మం దాటనివ్వని ఇల్లు మాది. మా అత్తగారు చర్చిలో అలా ప్రమాణం చేసిన మనిషి.

పొద్దున్నే వాంతులు చేసుకుంటుంటే మత్తు దిగలేదనుకుని, మా వైపు అలవాటు ప్రకారం పుల్లమజ్జిగ పట్టించి పడుకోబెట్టాం. మధ్యాహ్నానికి ఎగశ్వాసతో లేచి కూర్చున్నాడు.

“వదినా, ఈ మంచేంటి? నీ మొహం కనపట్టంలేదు.”

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

టాక్సీలో బెజవాడ తీసుకెళ్ళాం. ఆసుపత్రిలో డాక్టరుగారు స్పిరిట్ సంగతి విని, కళ్ళలోకి లైటు వేసి చూశారు.

“ఇది తాగిన మత్తు కాదండీ, విషం. మజ్జిగకు లొంగదు. వెంటనే బ్రాందీ పట్టాలి.”

“తాగి చస్తున్నోడికి మళ్ళీ తాగుడా? నా బిడ్డని చంపుతారా బాబూ?” అంది అత్తగారు.

“ఆ స్పిరిట్ ఒంట్లో విషంగా మారకుండా బ్రాందీయే అడ్డుపడుతుందమ్మా. ఆలస్యమైతే ముందు కళ్ళు పోతాయి, తర్వాత మనిషి.”

అత్తగారు గ్లాసు అందుకుంది. ప్రార్థనలోలాగా కళ్ళు మూసుకుని, కొడుకు నోటికి తనే పట్టింది. నర్సు సెలైన్ పెట్టింది.

మనిషి దక్కాడు. మర్నాడు పొద్దున అతను కళ్ళు తెరవగానే అత్తగారు ఆత్రంగా వంగింది.

“మంచు పోయిందా నాన్నా?”

“పోయిందమ్మా,” అన్నాడు. “ఇంకా లైటు వెయ్యలేదేం?”

కిటికీలోంచి ఎండ అతని మొహం మీదే పడుతోంది.