ఏడుపు వినిపించే డబ్బా

జనగామలో కిరాణా హోల్‌సేల్ దుకాణం నడిపే వెంకటేశం దేన్నీ పరీక్షించకుండా కొనడు. చింతపండు నోట్లో వేసుకుంటాడు, బెల్లం గోటితో గీకుతాడు, మిరపకాయ విరిచి తుమ్మొస్తేనే తలూపుతాడు. దుకాణం బయట కూడా అంతే. గొడుగు కొనాల్సి వస్తే దాని కింద నిలబడి, పైనుంచి చెంబుతో నీళ్లు పోయించుకున్నాడు. గోదాముకు తాళం తెచ్చినప్పుడు తాను లోపలుండి బయటనుంచి వేయించుకున్నాడు. తాళం గట్టిదే కానీ చెవి తిరగలేదు. ఆ పూట ఆయనకు భోజనం కిటికీలోంచి అందించారు. భార్య లీల ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంది.

అలాంటి మనిషి ఇంటికి మనవరాలు రిషిత వచ్చింది. కొడుకు సాయితేజ భూపాలపల్లి బొగ్గుగనుల్లో ఇంజనీరు, ఆదివారాలే ఇంటికొస్తాడు. కోడలు ప్రత్యూష పసిపాపతో పుట్టింటినుంచి రాగానే మేడమీది గది ఆమెకిచ్చారు. కింద దుకాణం, వెనక గోదాము. ఒకరోజు పాపను పడుకోబెట్టి ప్రత్యూష బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లింది. లీల గోదాములో పప్పు బస్తాలు సర్దిస్తోంది. వాకిట్లో వెంకటేశం హమాలీలతో లారీ దింపిస్తున్నాడు. పాప లేచి గుక్కపట్టి ఏడ్చినా ఎవరికీ వినపడలేదు. చివరికి ఎదురింటి కల్యాణి కిటికీలోంచి కేకేసింది.

"వెంకటేశం బాపూ! మీ మనుమరాలు ఎప్పటిసంది ఏడుస్తున్నది! ఇనవడ్తలేదా?"

తన మనవరాలి ఏడుపు తనకంటే ముందు ఎదురింటివాళ్లకు వినపడడం ఆయనకు నామోషీగా తోచింది. వెంటనే కొడుక్కు ఫోన్ చేశాడు.

"బేబీ మానిటర్ అని ఉంటది నాయినా," అన్నాడు సాయితేజ. "పాప దగ్గర ఒక డబ్బా, మీ దగ్గర ఒక డబ్బా. ఆడ ఏడిస్తె ఈడ ఇనవడ్తది. నేను ఫోన్‌ల ఆర్డర్ పెడ్త తియ్."

"చూడకుంట, ముట్టకుంట ఎట్ల కొంటర్రా? ఉండు, నేను చూస్త."

మర్నాడు సిద్దిపేట రోడ్డులో శివప్రసాద్ ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లి కూర్చున్నాడు. శివప్రసాద్ రెండు రకాలు తీసి ముందు పెట్టాడు. ఒకటి మాట మాత్రమే వినిపించేది. రెండోది కెమెరా ఉన్నది. అరచేతంత తెర మీద పాప కూడా కనిపిస్తుంది.

"గోడ అడ్డమొస్తె ఇనవడ్తదా?"

"ఇనవడ్తది కాకా."

"రెండు గోడలైతె?"

"అయినా ఇనవడ్తది."

"గోడలకు తోడు మిరపకాయ బస్తాలుంటె?"

శివప్రసాద్ అట్టపెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. బస్తాల సంగతి ఎక్కడా రాసి లేదు. "కాకా, రెండూ తీస్కపో. ఇంట్ల చూస్కొని, నచ్చంది వాపస్ తే," అని దండం పెట్టాడు.

వెంకటేశం ముందుగా మాట వినిపించేదాన్ని పరీక్షకు పెట్టాడు. ఒక డబ్బా ఊయల పక్కన ఉంచి, రెండోది గల్లాపెట్టె మీద పెట్టి లీలను వింటూ ఉండమన్నాడు. ప్రత్యూష స్నానానికి వెళ్లగానే తాను పైకెళ్లి, పాప ఎప్పుడేడుస్తుందా అని కూర్చున్నాడు. రోజూ ఆ వేళకు ఇల్లు పీకి పందిరేసే పిల్ల ఆరోజు తాతను చూసి బోసినోటితో నవ్వింది. కళ్లు పెద్దవి చేసి బెదిరిస్తే ఇంకా నవ్వింది. గిచ్చడానికి మనసొప్పలేదు. ఇక లాభం లేదనుకుని, గుమ్మం వైపు ఓసారి చూసి, డబ్బా దగ్గర మూతి పెట్టి తానే ఏడ్చాడు. మొదట సన్నగా "ఉంగా, ఉంగా" అన్నాడు. ఈ గొంతు బస్తాలు దాటుతుందా అని అనుమానమొచ్చి గట్టిగా రాగం ఎత్తుకున్నాడు.

సరిగ్గా అప్పుడే లీల నూనె డబ్బాలు చూడటానికి గోదాములోకి వెళ్లింది. గల్లాపెట్టె ముందు తుల్సీబాయి ఒక్కతే ఉంది. దేవరుప్పుల దగ్గర తండాలో ఆమెకో చిన్న దుకాణం ఉంది, సరుకు ఇక్కడే తీసుకుంటుంది. ఆమెకు డబ్బా సంగతి తెలియదు. సేటు కనపడడు, సేటు ఏడుపు మాత్రం దుకాణమంతా మోగుతోంది.

"లీలమ్మా, ఉర్కి రా! సేటుకు గుండె పట్టినట్టున్నది! ఆటో పిల్వున్రి, దవాఖానకు తీస్కపోదం!"

సేటు పైకెళ్లడం చూసిన హమాలీలు బస్తాలు ఎక్కడివక్కడ పడేసి మెట్లెక్కారు. వాళ్ల వెనక లీల, ఆమె వెనక నీళ్ల చెంబుతో తుల్సీబాయి. తలుపు తోసేసరికి వెంకటేశం మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని తన్మయంగా ఏడుస్తున్నాడు. ఊయలలో పాప కాళ్లాడిస్తూ చూస్తోంది.

"ఏందయ్యా గిది?" అంది లీల.

ఆయన కళ్లు తెరిచి, అంతమందిని చూసి, "ఇనవడ్డదా?" అన్నాడు.

"మా తండా దాక ఇనవడ్డది సేటూ," అని తుల్సీబాయి తెచ్చిన నీళ్లు తానే తాగేసింది.

మర్నాడు కెమెరా వంతు. దాని తెర గల్లాపెట్టె మీదికి వచ్చిన దగ్గర్నుంచి వ్యాపారం ఆగిపోయింది. రఘునాథపల్లి ఓదెలు బెల్లం అడిగితే, "జర ఆగు ఓదెలూ, ఆవలిస్తున్నది," అన్నాడు వెంకటేశం. ఓదెలు తొంగిచూశాడు. అతని వెనకున్నవాళ్లూ చూశారు. పాప గుప్పిట మొత్తం నోట్లో పెట్టుకోబోతే అందరూ పడిపడి నవ్వారు.

ఆ నవ్వులు పైదాకా వినిపించినట్టున్నాయి. ప్రత్యూష జుట్టు తుడుచుకుంటూ తెరలోకి వచ్చింది. ఓదెలు చప్పున మొహం పప్పు బస్తా వైపు తిప్పుకున్నాడు. ఆమె నేరుగా కెమెరాలోకి చూసింది.

"మామయ్యా, దుకాణంల ఎవరెవరున్నరు?"

ఆమె చేతిలోని తువ్వాలు తెర మీదికి వచ్చింది, అంతా చీకటైపోయింది. ఓదెలు మెల్లగా ఇటు తిరిగి, "కరెంటు పోయిందా అన్నా?" అన్నాడు.

మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ ప్రత్యూష అడిగేసింది. "కోపం చెయ్యకున్రి మామయ్యా. ఆ గది పాపదే కాదు, నాది గూడ. నేను తల దువ్వుకున్నా, మా అమ్మతోని మాట్లాడినా గిరాకంత చూసుడు ఏంది?"

ఆయన చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు. గోడల గురించి అడిగాడు, బస్తాల గురించి అడిగాడు. ఆ గదిలో ఉండే మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

"గిప్పుడన్న అడుగు," అంది లీల.

"మరి... ఎసొంటిది కావాలెనమ్మా?"

"నేనే చూస్త. తోల్కపోన్రి."

శివప్రసాద్ దుకాణంలో ప్రత్యూష రెండు రకాలూ వెనక్కిచ్చేసి, అరలోంచి మూడోది తీయించింది. అది మాట మాత్రమే వినిపించేది. "నేను గదిల ఉన్నంతసేపు బంద్ చేసే బటన్ నా దిక్కే ఉన్నది. లారీ చప్పుడుల మీకు ఇనవడకున్నా, పాప ఏడిస్తె మీ దగ్గర ఎర్ర లైటు ఎల్గుతది. ఇది చాలు మామయ్యా."

వెంకటేశం ఏదో అడగబోయాడు. కోడలు చూసింది. డబ్బుల కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"బస్తాల సంగతి అడగవా కాకా?" అన్నాడు శివప్రసాద్.

"మా కోడలు చూసింది గద. ప్యాక్ చెయ్."

ఇంటికొచ్చేదాకా ఆటోలో పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని విప్పాలని వేళ్లు దురదపెట్టినా విప్పలేదు.

ఇప్పుడు ఎర్ర లైటు వెలిగితే ఆయన కాంటా మీద సరుకు అలాగే వదిలేసి మెట్లెక్కుతాడు. చేరేసరికి పాప సాధారణంగా తల్లి చంకనో, నాయనమ్మ ఒళ్లోనో ఉంటుంది. అయినా ఎక్కడం మానడు. ఈ ఎక్కీ దిగే హడావిడిలో ఒకసారి చెయ్యి తగిలి కాంటా కిందపడి పగిలింది. వెంకటేశం పైకొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అమ్మా, కొత్త కాంటా కొనాలె. జర అంగడి దాక వస్తవా?"

"పాప ఇప్పుడే పండుకున్నది మామయ్యా. లేచినంక పోదం."

"గట్లనే," అని ఆయన పై మెట్టు మీద కూర్చున్నాడు. కిందనుంచి గిరాకీ ఎవరో పిలిస్తే, చప్పుడు చెయ్యొద్దని వేలు పెదాల మీద పెట్టి చూపించాడు.